రంగు పట్టని స్లైడు

1993 నవంబరులో నన్ను కలకత్తా నుంచి ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా డివిజనల్ మెడికల్ ఆఫీసర్, పని పాథాలజీ. పాథాలజిస్టు రోగిని చూడదు, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చూస్తుంది. అప్పటికి నా సర్వీసులో పేరు తప్ప మరేమీ తెలియని మనుషుల కాలేయాలు, పేగులు, ఊపిరితిత్తులు వేలకొద్దీ చూశాను గానీ, వాళ్లలో నూటికి ఒకరి ముఖమైనా చూసి ఉండను. ఖరగ్‌పూర్‌లో ఆ పద్ధతి మారిపోయింది. అక్కడ రోగులు నేరుగా ల్యాబు గుమ్మం దాకా వచ్చేవారు. అందులో తెలుగువాళ్లు ఎక్కువ. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు. నాదీ విజయనగరమేనని తెలిశాక, రిపోర్టు కాగితం పట్టుకుని వచ్చి ఇందులో ఏముందో తెలుగులో చెప్పమనేవారు. చెప్పేదాన్ని. నన్ను ఆ ఊరికి దగ్గర చేసింది అదే. నా చేత తప్పు చేయించిందీ అదే.

అంతకుముందు మూడేళ్లు కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో డాక్టర్ లాహిరి గారి కింద పనిచేశాను. ఆపరేషన్లో తీసిన భాగం ఫార్మలిన్ బకెట్లో మా బల్ల మీదికి వచ్చేది. దాన్ని కొలిచి, కోసి, అవసరమైన చోట్ల తమలపాకు ఈనె మందాన ముక్కలు తీసి, మైనంలో పోతపోసేవాళ్లం. ఆ మైనపు బిళ్లను బ్లాకు అంటాం. దాన్నుంచి వెంట్రుక కన్నా పలచటి పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటమే మా పని. మనిషి ఉన్నా పోయినా బ్లాకు మాత్రం బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుంది.

1993 ఫిబ్రవరిలో ఒకే వారంలో రెండు ఊపిరితిత్తి భాగాలు నా బల్ల మీదికి వచ్చాయి. రెండూ ఖరగ్‌పూర్ నుంచి పంపిన రైల్వే ఉద్యోగులవి. ఒకరు వర్క్‌షాపులో ఫిట్టర్ పైడిరాజు గారు, నిమ్‌పురా క్వార్టర్లలో కాపురం. రెండోవారు గూడ్సు గార్డు సత్యానందం గారు, సుభాష్‌పల్లిలో ఉండేవారు. అప్పటికి నాకు తెలిసింది ఫారం మీద ఉన్న పేరు, వయసు, హోదా మాత్రమే. పైడిరాజు గారి ఊపిరితిత్తి లోపల నల్లటి మరకలు దట్టంగా ఉన్నాయి. ఉద్యోగం మొదట్లో ఆవిరి ఇంజన్ల షెడ్డులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి అలా ఉండటం సహజం. సత్యానందం గారిది కొంచెం శుభ్రంగా ఉంది. గడ్డలు మాత్రం ఇద్దరివీ ఒకే పరిమాణం, ఒకే రకం. చుట్టుపక్కల గ్రంథుల్లోకి పాకలేదు. దాన్ని మొదటి దశ అంటాం. ఆపరేషన్ చేసిన సర్జను సంతోషించే దశ అది.

అయితే ఆ దశలోనే మాకు అంతుపట్టని విషయం ఒకటి ఉండేది. గడ్డ మొత్తం తీసేశాక కొందరు ఇరవై ఏళ్లు బతుకుతారు. కొందరికి రెండేళ్లు తిరక్కుండానే ఎముకల్లోనో మెదడులోనో మళ్లీ కనిపిస్తుంది. మామూలు రంగుతో చూస్తే రెండు రకాల గడ్డలూ ఒక్కలాగే ఉంటాయి. ఎవరు ఎటు పోతారో ముందు చెప్పే సాధనం మా చేతిలో లేదు.

1994 వేసవిలో లాహిరి గారు నాకు ఉత్తరం రాశారు. ఆ సాధనం దొరుకుతుందేమో చూద్దాం అన్నది అందులో సంగతి. మన కణాల్లో పి53 అనే ప్రొటీన్ ఒకటుంది. కణం అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా కాపలా కాయడం దాని పని. చాలా క్యాన్సర్లలో అది చెడిపోతుంది. చెడిపోయిన ప్రొటీన్ విరిగిపోకుండా కణం నడిబొడ్డున పేరుకుంటుంది. దాన్ని మాత్రమే వెతికి పట్టుకునే ద్రవం ఒకటి అప్పట్లో విదేశం నుంచి ఐసు పెట్టెలో చిన్న సీసాల్లో వచ్చేది. పొరను ప్రెషర్ కుక్కర్లో ఉడికించి, ఆ ద్రవం పోసి, మరో రసాయనం కలిపితే ప్రొటీన్ పేరుకున్న చోట గోధుమరంగు పడుతుంది. పేరుకోకపోతే రంగు పట్టదు. గోధుమరంగు పడిన వాళ్లు ఆపరేషన్ తర్వాత తొందరగా పోతున్నారని కొన్ని దేశాల డాక్టర్లు రాశారు, కాదని ఇంకొందరు రాశారు. మన బీరువాలోని బ్లాకులతో మనమే చూద్దామని లాహిరి గారి ఆలోచన.

ఆయన నాకు రెండు పనులు అప్పగించారు. మొదటిది, నెలకు రెండు శనివారాలు కలకత్తా వచ్చి స్లైడులు చదవడం. ప్రతి స్లైడునూ ఇద్దరు విడివిడిగా చదవాలి. స్లైడు మీద పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం లాహిరి గారి బీరువాలో తాళం వేసి ఉంటుంది. మనిషి బతికి ఉన్నాడో లేదో తెలిస్తే చదివేవాళ్ల కన్ను తెలియకుండానే అటు మొగ్గుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. రెండో పని, ఖరగ్‌పూర్ వైపు రోగుల్లో ఇప్పుడు ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, పోతే ఏ తేదీన అన్నది కనుక్కోవడం. ఈ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వకూడదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. కానీ తెలుగు ఇళ్లకు వెళ్లి అడగగలిగే మనిషి ఆయనకు మరొకరు లేరు.

ఆ ఇళ్లకు నేను ఆదివారం ఉదయాలు వెళ్లేదాన్ని. ఒక ఇంట్లో నేను ఆసుపత్రి నుంచి వచ్చానని వినగానే ఒక ముసలామె కుర్చీ వేసి, పైట చెంగుతో తుడిచి, టీ పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఏదో మంచి కబురు తెచ్చాననుకుంది. మీ ఆయన ఏ తేదీన పోయారమ్మా అని నేను అడిగాను. ఆమె తేదీ చెప్పింది. ఇంకేమీ అడగలేదు. టీ తాగేదాకా ఉండి లేచి వచ్చాను. ఆ పని చేసిన నాలుగు నెలల్లోనూ నాకు బాగా గుర్తున్నది ఆ ఇల్లే.

పైడిరాజు గారి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆపరేషనై అప్పటికి ఏడాదిన్నర. గాయం మానింది, ఎక్స్‌రేలు శుభ్రంగా ఉన్నాయి. అయినా ఆయన నెలకు పది రోజులు కూడా పనికి వెళ్లడం లేదని భార్య అప్పలనరసమ్మ చెప్పింది. మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయించాలి. ఆ తేదీ వారం రోజులుందనగా అన్నం మానేస్తాడట. ఎక్స్‌రే బాగుందని చెప్పాక రెండు వారాలు మనిషిలా ఉంటాడట. తర్వాత మళ్లీ మొదలు. వర్క్‌షాపులో చార్జ్‌మన్ పదవికి, అంటే ఒక విభాగానికి పెద్ద ఫిట్టరుగా ఉండే పనికి, పరీక్ష పెట్టారు. అందరూ ఈయనకే వస్తుందన్నారు. పోయేవాడికి పరీక్షెందుకని దరఖాస్తు చింపేశాడట.

ఆమె వీధి గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అంది. "రోగంతో సచ్చిపోతే అదో లెక్కమ్మా. ఈయన బతికుండగానే పోయినాడు. ఎలగ బాగుపడతాడో మీరే సెప్పండి."

సత్యానందం గారి కోసం వెతకనక్కర లేకపోయింది. ఆయన ఠంచనుగా ఎక్స్‌రేకి వచ్చి, రిపోర్టు అర్థం చేసుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, తక్కువ మాటలు. భార్య చాలా ఏళ్ల కిందటే పోయింది, పిల్లలు లేరు. గూడ్సు బండి వెనక బ్రేకువ్యానులో ఒంటరిగా గంటల తరబడి కూర్చునే ఉద్యోగం. ఆపరేషనయ్యాక స్టేషనులో కూర్చుని చేసే పని ఇచ్చారు. కలకత్తా వార్డులో ఆయనా పైడిరాజు గారూ పక్కపక్క మంచాల వాళ్లు. అప్పటినుంచి స్నేహితులయ్యారు.

స్లైడులు చదవడం డిసెంబరులో మొదలైంది. ఒక శనివారం ముప్పై ఒకటో నంబరు స్లైడు పెట్టగానే అది ఎవరిదో నాకు తెలిసిపోయింది. నల్లటి బొగ్గు మరకలు, పక్కన నా కత్తి జారి పడిన వంకర గాటు. రెండేళ్ల కిందట ఆ గాటు పడినప్పుడు నన్ను నేను విసుక్కోవడం కూడా గుర్తొచ్చింది. అది పైడిరాజు గారిది. రంగు పట్టలేదు. మూలమూలలా వెతికాను. ఒక్క కణం కూడా గోధుమరంగులో లేదు. మరో నాలుగు స్లైడుల తర్వాత ఇంకొకటి. గడ్డను ఆనుకుని నెలవంకలా వంగిన మృదులాస్థి ముక్క, మొదటిసారి చూసినప్పుడే గుర్తుండిపోయిన ఆకారం. అది సత్యానందం గారిది. అందులో కణాలు దాదాపు అన్నీ ముదురు గోధుమరంగులో ఉన్నాయి.

ఆ క్షణంలో నేను లేచి, ఈ రెండు స్లైడులూ నేను గుర్తుపట్టాను, వీటిని ఇంకొకరికి ఇవ్వండి అని లాహిరి గారికి చెప్పాలి. నియమం అదే. చెప్పలేదు. ఫారంలో మార్కులు వేసి తర్వాతి స్లైడు తీసుకున్నాను. సాయంత్రం లోకల్ బండిలో తిరిగి వస్తూ, పైడిరాజు గారికి మంచి జరిగిందని సంతోషపడ్డాను, సత్యానందం గారి గురించి ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నించాను. ఒక పరీక్ష పనికొస్తుందో లేదో తేల్చడానికే ఆ స్లైడులు చదువుతున్నాం. అది తేలకముందే నేను దాన్ని నమ్మేశాను.

1995 ఫిబ్రవరిలో పైడిరాజు గారి ఎక్స్‌రే రోజు వచ్చింది. ముందుగా అప్పలనరసమ్మ ల్యాబులోకి వచ్చింది. ఆయన ఆరు రోజులుగా మజ్జిగ తప్ప ముట్టలేదని, మెట్లు ఎక్కుతూ రెండుసార్లు కూలబడ్డాడని చెప్పింది. కాసేపటికి ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఎక్స్‌రే బాగుందని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ ముఖంలో మార్పు లేదు.

"ఈ నెలకి బాగుంది. పై నెల మాటేటి అమ్మా?" అన్నారు.

నేను లేచి తలుపు దగ్గరికి వేశాను. మా టెక్నీషియన్ తపన్‌బాబును రిజిస్టరు తెమ్మని బయటికి పంపాను. అంటే చేస్తున్నది తప్పని నాకు తెలుసు.

"పైడిరాజు గారూ, మీ గడ్డ మీద కలకత్తాలో ఒక కొత్త పరీక్ష చేశారు. చెడ్డ రకానికి గోధుమరంగు పడుతుంది. మీదానికి పడలేదు. మళ్లీ వచ్చే రకం కాదు అది. ఇక భయపడకండి," అన్నాను.

ఆయన స్టూలు ముందుకు జరుపుకున్నారు. తర్వాత, ఒక్క కణానికి కూడా పడలేదా అని అడిగారు. ఒక్కదానికి కూడా లేదన్నాను. నేనే చూశానని కూడా చెప్పాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. అప్పలనరసమ్మ నా చేయి పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఇద్దరికీ చెప్పి పంపాను.

పక్క మంచం స్నేహితుడికి ఆయన చెప్పకుండా ఉంటారని నేను ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రెండు వారాలకు సత్యానందం గారు వచ్చారు. ఎక్స్‌రే తేదీ కాదు. నిలబడే మాట్లాడారు.

"పైడిరాజుకి కొత్త పరీక్షలో మంచిగా వొచ్చిందని మీరు సెప్పినారంట. నా ముక్క కూడా అక్కడే ఉంది కదా మేడం గారూ. నాది ఏటి వొచ్చింది?"

అది పరిశోధన అని, ఫలితాలు రోగులకు చెప్పకూడదని, ఇంకా రుజువు కాని పరీక్ష అని చెప్పాను. అన్నీ నిజాలే. నియమావళిలో ఉన్న మాటలే. రెండు వారాల కిందట పైడిరాజు గారికి చెప్పవలసిన మాటలు కూడా అవే.

ఆయన నా ముఖం వైపు చూస్తూ విన్నారు. ఆయన చూపు తప్పించుకోవడానికి నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఠీక్ హై," అన్నారు. "మంచిదైతే సెప్పీవోరు. అర్థమైంది." నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

పిలిచి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. బాగుందని చెబితే అబద్ధం. బాగాలేదని చెబితే నిజమో కాదో తెలియని దానితో ఒక మనిషిని పడగొట్టడం. అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక జవాబేనని ఆయన నాకన్నా ముందు గ్రహించారు.

పైడిరాజు గారు మాత్రం లేచి తిరిగారు. నెలలోపే పనికి వెళ్లడం మొదలుపెట్టారు. చార్జ్‌మన్ పరీక్షకు మళ్లీ దరఖాస్తు పెట్టి, రాసి, పాసయ్యారు. ఆ రోజు రసగుల్లాల కుండ పట్టుకుని ల్యాబుకు వచ్చి తపన్‌బాబుకు, ఊడ్చే ఆమెకు కూడా తన చేత్తో పెట్టారు. ఒళ్లు చేసింది. ముప్పై మంది చేత పని చేయించే మనిషయ్యారు. ఒకసారి గోల్ బజారులో సైకిలు మీద ఎదురై, కాలు నేల మీద ఆనించి పావుగంట మాట్లాడారు. కొత్త లేతు యంత్రం గురించి, దాన్ని తాను బిగించిన తీరు గురించి చెప్పారు. ఎక్స్‌రేకి వస్తున్నారా అని అడిగాను.

"ఇంకెందుకమ్మా? మీరే సూసినారు కదా," అని నవ్వారు.

రావాలండీ అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. గట్టిగా చెప్పలేదు. గట్టిగా చెబితే ఆ నవ్వు పోతుందని తెలుసు. మూడు నెలలకోసారి తీయించవలసిన ఎక్స్‌రే ఆయన ఆ తర్వాత తీయించనే లేదు.

1996 ఆగస్టులో ఆయనను స్ట్రెచరు మీద తీసుకువచ్చారు. నడుము కింది భాగంలో స్పర్శ లేదు, కాళ్లు కదలడం లేదు. వెన్నుపూసలో ఒకటి నలిగిపోయి వెన్నుపామును నొక్కుతోంది. సూదితో తీసిన చిన్న ముక్క నా బల్ల మీదికే వచ్చింది. మూడున్నరేళ్ల కిందట నేను చూసిన కణాలే అవి. రిపోర్టు నేనే రాసి సంతకం పెట్టాను.

ఇలాంటప్పుడు రేడియేషన్ ఇస్తారు. నొప్పి మొదలైన రోజుల్లోనే, కాళ్లు ఇంకా ఆడుతుండగా ఇస్తే చాలామందికి నడక నిలుస్తుంది. కాళ్లు పడిపోయి రోజులు గడిచాక ఇస్తే నొప్పి తగ్గుతుందే గానీ నడక రాదు. రోగం ఎలాగూ ప్రాణం తీసేదే. దాన్ని ఎవరూ ఆపలేకపోయేవారు. కానీ చివరి నెలల్లో లేచి పెరట్లోకి వెళ్లగలగడం, స్నానం తనంతట తాను చేయగలగడం ఆయనకు మిగిలేవి. కలకత్తా తీసుకువెళ్లి పది రోజులు రేడియేషన్ ఇప్పించారు. నొప్పి తగ్గింది. కాళ్లు రాలేదు.

తిరిగి వచ్చాక మా వార్డులో ఉంచారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒక రోజు మాత్రం అడిగారు.

"ఆ రంగు ఇప్పుడేసి సూత్తే ఏటొత్తాదమ్మా?"

ఇప్పుడు కూడా పట్టకపోవచ్చు అన్నాను.

"మరి నాకెందుకొచ్చింది?"

తెలియదన్నాను. ఆ పరీక్ష గురించి ఆయనతో నేను చెప్పిన మొదటి నిజమైన మాట అదే.

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందని అప్పలనరసమ్మను అడిగాను. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉందామె. చైత్రంలో అంది. అంటే నాలుగు నెలల ముందు. యంత్రం ఎత్తినప్పుడు పట్టేసిందని ఆయన అన్నారట. ఆమె ఆవనూనె కాచి రోజూ రాసిందట. ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. చెప్పమన్నాను.

"నాకు ముందే అనుమానం వొచ్చింది డాక్టరమ్మా. మా అత్తకి ఇలగే ఎముకల్లోకి పాకింది, నాను సూసినాను. ఆస్పత్రికి బేగి ఎల్దారని ఆయనతో అందామనుకున్నాను. మీరు రాదని సెప్పినారు కదా అని నోరు మూసుకున్నాను. మీకన్న నాకు ఎక్కువ తెలుసేటి అనుకున్నాను."

ఆమె గొంతులో కోపం లేదు. తనను తాను తప్పుపట్టుకుంటోంది. అది మీ తప్పు కాదు, నాది అన్నాను. ఆమె విననట్టే లేచి లోపలికి వెళ్లింది. ఆయనను పక్కకు తిప్పే వేళ అయింది.

పైడిరాజు గారు ఆ డిసెంబరులో ఇంటి దగ్గర పోయారు. శ్మశానం దాకా సత్యానందం గారు పాడె వెనకే నడిచి వెళ్లారు.

నేను లాహిరి గారికి ఉత్తరం రాశాను. రెండు స్లైడులు గుర్తుపట్టినట్టు, ఒక రోగికి ఫలితం చెప్పినట్టు, దాని పర్యవసానం, అన్నీ రాశాను. ఆయన జవాబు రాయకుండా తానే వచ్చారు. ల్యాబులో కూర్చుని మాట్లాడారు గానీ నాకు చీవాట్లు పెట్టలేదు. ఇళ్లకు తిరిగే మనిషికే స్లైడులు ఇవ్వడం తన పొరపాటని అన్నారు. నా రీడింగులన్నీ పక్కన పెట్టి మరొకరి చేత చదివించారు. ఆ పరిశోధన చివరికి చిన్న వ్యాసంగా అచ్చయింది. గోధుమరంగు పడినవాళ్లు ఒక గుంపుగా చూస్తే కొంచెం ముందుగా పోతున్నట్టు కనిపించింది. రోగం దశను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపు మాయమైంది. ఏ ఒక్క రోగి విషయంలోనూ దీని ఆధారంగా నిర్ణయం తీసుకోరాదు అన్నది ఆఖరి వాక్యం. అందులో నా పేరు వద్దని ముందే చెప్పాను.

సత్యానందం గారు ఏ ఎక్స్‌రే తప్పలేదు. 1998 ఫిబ్రవరితో ఆపరేషన్ జరిగి ఐదేళ్లు నిండింది. మా లెక్కలో అది ఒక మైలురాయి. అంతదాకా తిరగబెట్టకపోతే ఇక భయం బాగా తగ్గినట్టే. ఆ రోజు నేనే ఆయనను కూర్చోబెట్టి, మూడేళ్ల కిందట చెప్పని సంగతి చెప్పాను. మీ స్లైడులో రంగు పడింది, నేను మీ గురించి ఆశ వదులుకున్నాను, నేను పొరబడ్డాను అన్నాను.

ఆయన కొంతసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు. వాళ్ల చర్చిలో రత్నకుమారి అని ఒక టీచరు ఉండేదట. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. 1995 ఈస్టరు తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకున్నారు. పాస్టరుగారితో కూడా మాట్లాడారు. నా దగ్గరికి వచ్చి వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారమే ఆయన ఆమె దగ్గరికి వెళ్లి వద్దని చెప్పేశారట.

"కారణం సెప్పలేదండి. సెబితే ఆవిడ ఒప్పుకోదు, ఉన్నన్నాళ్లే ఉందామంటుంది. అందుకని మనసు మారిందని సెప్పినాను. ఆవిడ ఏడవలేదు. ఆ వేసవిలోనే సక్రధర్‌పూర్ బడికి మార్పించుకుని ఎల్లిపోయింది."

ఇప్పుడు రాయవచ్చు కదా అన్నాను. రాశానని, ఉత్తరం తిరిగి వచ్చిందని చెప్పారు. అక్కణ్ణుంచి ఎటు వెళ్లిందో బడివాళ్లకు కూడా తెలియదట. ఆ మాట చెప్పి, తర్వాతి ఎక్స్‌రే తేదీ రాయించుకుని వెళ్లారు.

నేను రిటైరైన ఏడాది కూడా ఆయన ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అప్పటికి పదిహేనేళ్లు దాటింది. సుభాష్‌పల్లిలో ఒక్కరే ఉండేవారు.

ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవే. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే ప్రొటీన్ పరీక్షలు ఇప్పుడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ చేస్తున్నారు. వాటి మీద నాకు అనుమానం లేదు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది పరీక్షల గురించి కాదు, చెప్పడం గురించి. ఆ గోధుమరంగు లాంటి గుర్తు ఒక గుంపు గురించి మాట్లాడుతుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఆ మనిషి అడిగేది మాత్రం తన గురించే. రెండూ ఒకటే అన్నట్టు జవాబు చెప్పాలన్న కోరిక డాక్టరుకు సాధారణంగా జాలి వల్లే కలుగుతుంది. నాకూ అలాగే కలిగింది. నా కింద శిక్షణకు వచ్చిన డాక్టర్లకు రెండు సూచనలు రాసి ఇచ్చేదాన్ని. స్లైడు ఎవరిదో గుర్తుపడితే వెంటనే పక్కన పెట్టి చెప్పండి. ఏ ఫలితాన్నయినా, చెడ్డది వచ్చిన రోగికి కూడా చెప్పడానికి సిద్ధంగా ఉంటేనే మంచిది వచ్చిన రోగికి చెప్పండి. మిగిలిన పన్నెండేళ్ల సర్వీసులో నేను ఆ రెండూ తప్పలేదు.